గట్టు, రాయి, గొలుసు: కృష్ణా డెల్టాలో భూయజమానికి సర్వేయరు అవసరం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

భూయజమాని సర్వేయరును ఎప్పుడు పిలవాలన్న ప్రశ్న సాధారణంగా క్రయవిక్రయాలు, గట్టు తగాదాలు అనే రెండు సందర్భాల చుట్టూ తిరుగుతుంది. కృష్ణా డెల్టాలో హద్దుకు సాక్షులుగా నిలిచిన గట్టు, సర్వే రాయి, గ్రామ కరణం ఒక్కొక్కరుగా బలహీనపడిన కొద్దీ ఈ అవసరం పెరిగింది. అయితే చట్టరీత్యా నిర్ణాయకమైన సమయం క్రయమూ కాదు, తగాదా కూడా కాదు. ప్రభుత్వ సర్వే జరుగుతున్న కాలమే. తూర్పు చాళుక్యుల దానశాసనాల నుంచి 2020లో మొదలైన రీసర్వే వరకు సాగిన పరిణామం ఆధారంగా ఈ వ్యాసం ఆ విషయాన్ని చర్చిస్తోంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, భూమి సర్వే, ఎఫ్.ఎం.బి., కరణం, 1923 సర్వే చట్టం, లైసెన్స్‌డ్ సర్వేయరు, రీసర్వే.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గుంటూరు ప్రాంతాల పాత క్రయ దస్తావేజు ఏది తీసి చదివినా చివర ఒక షెడ్యూలు కనిపిస్తుంది. తూర్పు ఫలానా వారి మాగాణి, దక్షిణం పంటబోదె, పడమర పుంత, ఉత్తరం మరొకరి చేను, ఈ నాలుగు హద్దుల మధ్య గల ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు అని అందులో ఉంటుంది. సర్వే నంబరు కూడా ఉంటుంది. కానీ ఆ నాలుగు హద్దుల మధ్య నేలను గొలుసు వేసి కొలిచి చూసినట్టు చాలా దస్తావేజుల్లో ఆధారం ఉండదు. పక్క చేను ఎవరిదో చెబితే చాలు, హద్దు ఎక్కడుందో ఊరికి తెలుసు. దస్తావేజు ఊరి జ్ఞాపకంపై ఆధారపడి రాసిన పత్రం.

ఆ జ్ఞాపకం ఉన్నంతకాలం యజమానికి సర్వేయరుతో పని పడలేదు. సర్వేయరు అవసరమైనది రాజ్యానికి, పన్ను కట్టించుకోవడానికి. భూమి కొలత ప్రభుత్వ అవసరంగా మొదలై క్రమంగా యజమాని అవసరంగా మారిన తీరే ఈ వ్యాసానికి విషయం. విజయవాడ కేంద్రంగా ఉన్న కృష్ణా డెల్టాను ఎంచుకోవడానికి కారణం ఉంది. సాగునీరు, జమీందారీ, నగర విస్తరణ, చేపల చెరువులు, రాజధాని భూసమీకరణ, రీసర్వే ఇక్కడి భూమిపై ఒకదాని మీద ఒకటిగా పేరుకున్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ హద్దును తనదైన రీతిలో కదిపింది.

2. గొలుసుకు ముందు

కృష్ణా గోదావరుల నడుమ వేంగీనాటిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు దానభూమి విస్తీర్ణాన్ని తరచు విత్తనాల లెక్కలో చెబుతాయి. ఇన్ని ఖండికల ఆరికలు చల్లడానికి సరిపడే నేల అన్నది ఆ కొలత. నేల సారాన్నిబట్టి విత్తనం మారుతుంది కనుక ఇది వైశాల్యాన్ని కాక దిగుబడి సామర్థ్యాన్ని చెప్పే కొలత. హద్దుల విషయంలో మాత్రం శాసనకర్తలు ఎంతో జాగ్రత్త పడ్డారు. సంస్కృతంలో సాగుతున్న శాసనం ఎల్లల దగ్గరికి రాగానే స్థానిక పదాలను చేర్చుకొని చెట్టును, పుట్టను, గుంటను, రాతిని, పొరుగూరి పొలిమేరను వరుసగా పేర్కొంటుంది. విస్తీర్ణం ఉజ్జాయింపుగా ఉన్నా ఫర్వాలేదు, ఎల్ల మాత్రం స్పష్టంగా ఉండాలన్నది నాటి దృష్టి. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు హద్దులకే ప్రాధాన్యమిచ్చే నేటి న్యాయస్థానాల ధోరణి దీనికి దూరమైనదేమీ కాదు.

మహమ్మదీయుల పాలనలో పారశీక రెవెన్యూ పదజాలం తెలుగు పల్లెల్లో స్థిరపడింది. కృష్ణ ఒడ్డున గుంటూరు వైపు సారవంతమైన భూములను నేటికీ జరీబు అంటారు. జరీబు అంటే పారశీకంలో భూమి కొలత. కొలిచే గొలుసుకు కూడా అదే పేరు. 2015లో అమరావతి భూసమీకరణ నిబంధనలు జరీబు, మెట్ట అనే తేడానుబట్టి పరిహార స్థలాల పరిమాణాన్ని నిర్ణయించాయి. జరీబు ఎకరానికి 1,000 గజాల నివాస స్థలంతో పాటు 450 గజాల వాణిజ్య స్థలం ఇవ్వగా, మెట్ట పట్టా భూమికి వాణిజ్య స్థలం 250 గజాలే. కొలతను సూచించే మాట నాణ్యతను సూచించే మాటగా మారి, మళ్ళీ కొలతనే నిర్ణయించిన విచిత్ర ఉదాహరణ ఇది.

3. ఆనకట్ట, గొలుసు, రాయి

ఈస్టిండియా కంపెనీ కాలంలో డెల్టాను శాస్త్రీయంగా కొలిచిన తొలితరం వారిలో మైఖేల్ టాపింగ్ ముఖ్యుడు. 1794లో మద్రాసులో యూరోపియన్ సంతతి బాలురకు సర్వే నేర్పే పాఠశాల ఆయన చొరవతోనే ఏర్పడింది. గిండీ ఇంజనీరింగు కళాశాలకు అదే మూలం. కృష్ణా గోదావరి ప్రాంతాల్లో పనిచేసిన టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించాడు. ఆయన దృష్టి నది మట్టంపైనా తీరరేఖపైనా ఉన్నది. రైతు గట్టు ఆ పరిధిలోకి రాలేదు.

గట్టు వద్దకు సర్వేయరు రావడానికి నీరే కారణమైంది. 1832–33 నాటి గుంటూరు కరువు లక్షల మందిని బలిగొన్న తరువాత డెల్టాకు ఆనకట్ట అవసరమన్న వాదన బలపడింది. విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. మెట్ట మాగాణి అయింది. మాగాణికి శిస్తు ఎక్కువ. ఏ చేనుకు నీరు పారుతోంది, అది ఎన్ని సెంట్లు అన్నది ఖజానాకు కావలసిన సమాచారమైంది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే శాఖ ఏర్పడింది. హద్దురాళ్ళ స్థాపన, రక్షణ, హద్దు వివాదాల పరిష్కారం కోసం 1860లో 28వ చట్టం వచ్చింది. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరచడం కూడా ఈ పరిపాలనా పునర్నిర్మాణ కాలానిదే.

ఈ సర్వే ఉపయోగించినది గుంటర్ గొలుసు. పొడవు 66 అడుగులు, లింకులు 100, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే లక్ష చదరపు లింకులు. ఎకరంలో నూరోవంతు సెంటు, వేయి చదరపు లింకులు, 48.4 చదరపు గజాలు. నిజాం ప్రాంతంలో గుంటల లెక్క నిలిచిపోగా కోస్తాలో సెంటు స్థిరపడటం ఈ గొలుసు ఫలితమే. పది గొలుసుల పొడవున్న గట్టు ఒక్క లింకు పక్కకు జరిగితే సరిగ్గా ఒక సెంటు చేతులు మారుతుంది. లింకు అంటే జానెడు కూడా లేదు. ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టును పారతో చెక్కే అలవాటున్న డెల్టాలో ఆ జానెడు జరగడానికి దురుద్దేశం అవసరం లేదు. కొన్ని సాళ్ళు చాలు.

పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, కర్ణరేఖ నుంచి ప్రతి వంపుకూ లంబదూరం కొలిచి రాసుకునే పద్ధతిని మద్రాసు సర్వే అనుసరించింది. ఆ కొలతల పుస్తకమే క్షేత్ర కొలతల పుస్తకం, వాడుకలో ఎఫ్.ఎం.బి. దీనిని పటంగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. ఎఫ్.ఎం.బి.లో ప్రధానమైనవి దానిపై రాసి ఉన్న అంకెలు. గీతలు ఆ అంకెలకు ఆధారం మాత్రమే. 1:2000 స్కేలులో గీసిన పటంపై అర మిల్లీమీటరు గీత నేలపై మీటరు వెడల్పవుతుంది. కాబట్టి జిరాక్సు ప్రతిపై స్కేలు పెట్టి హద్దు తేల్చుకోబోయిన యజమాని తప్పుదారి పడతాడు. అంకెలను చదివి నేలమీదికి దింపడం నేర్చినవారు చేయవలసిన పని. యజమానికి సర్వేయరు అవసరం సాంకేతికంగా మొదలైనది ఇక్కడే, అయితే ఆ అవసరం అతనికి అప్పట్లో తెలియదు.

సర్వే నంబరు రెవెన్యూ విభాగమే తప్ప ఆస్తి విభాగం కాదన్నది మరో ముఖ్యాంశం. ఒకే నంబరులో ఇద్దరు ముగ్గురు పట్టాదారుల కమతాలు సబ్‌డివిజన్లుగా ఉండేవి. తరువాతి తరాల్లో అన్నదమ్ములు పంచుకున్న వాటాలు చాలావరకు సబ్‌డివిజన్ కాకుండానే మిగిలాయి. పెద్దమనుషుల సమక్షంలో తాడు వేసి గట్టు పెట్టారు, పంపకాల పత్రం రాసుకున్నారు, కరణం అడంగల్లో అనుభవదారుగా పేరు ఎక్కించాడు. సర్వే రికార్డులో మాత్రం ఆ గట్టు లేదు. నేడు ఆ భూమి కొన్నవారికి ఎదురయ్యే చిక్కుల్లో ఇదే పెద్దది.

పైగా డెల్టా అంతా రైతువారీ కాదు. చల్లపల్లి, నూజివీడు, మీర్జాపురం వంటి జమీందారీల కింద విస్తారమైన భూములుండేవి. 1802 శాశ్వత పైసలా తరువాత జమీందారు పేష్కషు కడితే చాలు, లోపలి చేలను కొలవవలసిన తొందర ప్రభుత్వానికి లేదు. 1908 ఎస్టేట్సు లాండు చట్టం సర్వేకు వీలు కల్పించినా, అనేక ఎస్టేటు గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు పూర్తికావడం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే సాధ్యమైంది. ఇనాముల సంగతి వేరు. 1858లో ఏర్పడి 1869 వరకు పనిచేసిన ఇనాం కమిషను హక్కును విచారించింది గాని, ప్రతి ఇనామునూ గొలుసు వేసి కొలవలేదు. కరణాల లెక్కల్లోని విస్తీర్ణమే టైటిల్ డీడ్లలోకి ఎక్కింది. అందువల్ల పక్కపక్కనే ఉన్న రెండు డెల్టా గ్రామాల సర్వే రికార్డుల వయస్సులో రెండు మూడు తరాల తేడా ఉండవచ్చు. పొలిమేర చేను కొనేవారు ముందుగా తెలుసుకోవలసినది ఆ ఊరు పూర్వం రైతువారీయా, జమీందారీయా, ఇనామా అన్నది.

4. 1923 చట్టం: హద్దు ఎప్పుడు ఖాయమవుతుంది?

1897 నాటి నాలుగో చట్టాన్ని తొలగించి వచ్చిన 1923 మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం పేరు మార్చుకొని ఆంధ్రప్రదేశ్‌లో నేటికీ అమల్లో ఉంది. యజమాని వైపు నుంచి ఈ చట్టాన్ని చదివినవారు తక్కువ. అధికారుల చేతి పుస్తకంగానే అది ప్రసిద్ధం.

చట్టం నడిచే క్రమం ఇది. 6వ సెక్షను కింద సర్వే అధికారి ప్రకటన చేసి, భూమిలో ఆసక్తి ఉన్నవారిని హాజరై హద్దులు చూపమంటాడు. వివాదం లేని హద్దును 9వ సెక్షను, వివాదమున్న హద్దును 10వ సెక్షను కింద నిర్ణయిస్తాడు. 11వ సెక్షను అప్పీలుకు అవకాశమిస్తుంది. ఆ తరువాత 13వ సెక్షను కింద సర్వే పూర్తయినట్టు నోటిఫికేషను వెలువడుతుంది. అప్పటి నుంచి ఆ రికార్డులోని హద్దులు సరిగా నిర్ణయమైనట్టు తిరుగులేని రుజువు. 14వ సెక్షను కింద సివిలు దావా వేసి డిక్రీ పొందితేనే మార్పు. దానికి గడువు నోటిఫికేషను తేదీ నుంచి 3 సంవత్సరాలు.

15వ సెక్షను తరచు విస్మరణకు గురవుతుంది. తన కమతం హద్దుల మీద, లోపల ఉన్న సర్వే గుర్తులను కాపాడటం, బాగుచేయించడం, తిరిగి పాతించడం రిజిస్టరైన భూమిదారు బాధ్యత. అతను చేయకపోతే ప్రభుత్వం చేయించి ఖర్చు రాబట్టవచ్చు. అంటే రాయి ప్రభుత్వానిది, కాపలా యజమానిది. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల. పాతిన రాయి ఒరగడానికి, కుంగడానికి ఆ నేలలో పెద్ద కారణం అక్కరలేదు. ఆ రాళ్ళలో కొన్ని తరువాత ఇళ్ళ మెట్లుగా, బట్టలుతికే బండలుగా స్థిరపడిన సంగతి డెల్టా పల్లెలను ఎరిగినవారికి కొత్త కాదు. రాయి కదిలిన నాడే దాన్ని తిరిగి పాతించుకోవడం చట్టం యజమానిపై ఉంచిన పని. సర్వేయరును పిలవవలసిన మొదటి సందర్భం నిజానికి అదే. కాని ఆ సందర్భంలో పిలిచినవారు అరుదు.

13వ సెక్షను చెప్పే తిరుగులేని రుజువు హద్దుకే గాని హక్కుకు కాదని న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. సర్వే అధికారి యాజమాన్యాన్ని తేల్చలేడు. అలాగే దస్తావేజులోని నంబరు పొరపాటై, హద్దులు భూమిని స్పష్టంగా చూపుతున్నప్పుడు హద్దులే నిలుస్తాయని శివధ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1961లో చెప్పింది. హద్దు తగాదా దావాల్లో నేలను కొలవకుండా నోటి సాక్ష్యంతో తీర్పు చెప్పడం సరికాదనీ, సివిల్ ప్రొసీజరు కోడు 26వ ఆర్డరు 9వ రూలు కింద కమిషనరును నియమించవలసిందనీ హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో 2008లో అభిప్రాయపడింది. విజయవాడ, మచిలీపట్నం, తెనాలి కోర్టుల్లో గట్టు దావా ఏదైనా చివరికి న్యాయవాది కమిషనరు, ఆయన వెంట సర్వేయరు, ఎఫ్.ఎం.బి. ప్రతి పొలానికి చేరడంతో అసలు రూపం దాలుస్తుంది. దావాకు ముందే కొలిపించుకున్న యజమానికి తాను ఏ అడుగు కోసం పోరాడుతున్నాడో తెలుస్తుంది. కొలిపించుకోనివాడు ఆరేళ్ళ తరువాత కమిషనరు నివేదికలో తెలుసుకుంటాడు.

5. కరణం నిష్క్రమణ

ఎఫ్.ఎం.బి.నీ పొలాన్నీ కలిపిన మనిషి కరణం. గ్రామ పటం, కొలతల పుస్తకం ప్రతి అతని దగ్గర ఉండేవి. ఏటా సర్వే రాళ్ళను తనిఖీ చేసి లెక్క రాయడం అతని విధుల్లో ఒకటి. అతని నిజాయితీపై తెలుగు సాహిత్యం, జానపదం చెప్పవలసినంతా చెప్పాయి. ఇక్కడ గమనించవలసినది వేరొకటి. గ్రామానికి హద్దుల విషయంలో నిత్యం అందుబాటులో ఉన్న ఒకే ఒక్క లిఖిత జ్ఞాపకం వంశపారంపర్యంగా ఒక కుటుంబం అధీనంలో ఉండిపోయింది.

ఆ వంశపారంపర్యంపై తొలి పెద్ద దెబ్బ ఈ డెల్టా నుంచే వచ్చింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం గ్రామ మునసబు పదవి వివాదంలో, గాజుల దశరథ రామారావు కేసుగా ప్రసిద్ధమైన తీర్పులో, 1895 గ్రామోద్యోగాల చట్టంలోని వారసత్వ నిబంధన రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో ప్రకటించింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులనే రద్దు చేసింది. సామాజిక న్యాయం దృష్టితో చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. హద్దుల దృష్టితో చూస్తే దానికి ప్రత్యామ్నాయం ఏర్పాటు కాలేదని చెప్పక తప్పదు. పదవి పోయింది, రికార్డు మండల కార్యాలయానికి చేరింది, రాళ్ళ తనిఖీ ఎవరిదీ కాని పనిగా మిగిలింది. తరువాత వివిధ పేర్లతో వచ్చిన గ్రామస్థాయి ఉద్యోగులకు గొలుసు పని రాదు. మండలానికి ఒకరిద్దరు సర్వేయర్లు ఉన్న చోట హద్దు చూపమని పెట్టుకునే ఎఫ్-లైన్ దరఖాస్తు వరుసలో వేచి ఉండవలసిందే. ప్రైవేటు సర్వేయరు వృత్తి డెల్టా పట్టణాల్లో విస్తరించినది ఈ ఖాళీలోనే.

6. గట్టు చెరిగిన చోట్లు

కరణం లేకపోయినా గట్టు ఉన్నచోట తగాదా ఓ మాదిరిగా సర్దుకుంటుంది. గట్టే లేనిచోట పరిస్థితి వేరు.

కైకలూరు, కొల్లేరు పరిసరాల్లో వరిచేలు చేపల చెరువులైనప్పుడు పది మంది రైతుల గట్లు తీసి ఒకే చెరువు తవ్వడం రివాజు. లీజు మొత్తాన్ని దస్తావేజుల్లోని సెంట్ల లెక్కన పంచుకుంటారు. లీజు ముగిసి ఎవరి భూమి వారికి విడదీయవలసిన రోజున నేలమీద ఒక్క గుర్తూ ఉండదు. చెరువు తవ్వకముందే నాలుగు మూలల స్థిరాంకాలు నమోదు చేయించుకుంటే ఖర్చు స్వల్పం. తవ్విన తరువాత దూరపు సర్వే రాళ్ళ నుంచి కొలుచుకుంటూ రావాలి, అవి ఉంటే. కొల్లేటిలో దీనికి మరో మెలిక కూడా ఉంది. 1999లో ప్రకటించిన అభయారణ్యం సరిహద్దు సర్వే నంబరునుబట్టి కాక +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న రేఖనుబట్టి నిర్ణయమైంది. తన జిరాయితీ భూమి ఆ రేఖకు ఏ వైపున ఉందో తెలుసుకోవాలంటే వైశాల్యం కొలిచే సర్వేయరు చాలడు, మట్టం తీసేవాడు కావాలి.

విజయవాడ చుట్టుపక్కల పొలాలు లేఅవుట్లుగా మారిన తీరు మరో కథ. ఎకరాలు, సెంట్లలో కొన్న భూమిని గజాల్లో అమ్మారు. లేఅవుటు పటంలోని కొలతలకూ దాని అడుగున ఉన్న ఎఫ్.ఎం.బి.కీ మధ్య పొంతన చూడకుండా ప్లాట్లు వేసిన చోట, చివరి వరుస ప్లాట్లు పక్క రైతు చేలోకో, కాలువ పోరంబోకులోకో వెళ్ళిపోతాయి. ముందు వరుసలో కొన్నవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. చివర కొన్నవారికి గోడ కట్టే రోజున తెలుస్తుంది. రిజిస్ట్రేషను కార్యాలయం దస్తావేజును నమోదు చేస్తుందే గాని నేలను చూడదు. బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్ల వెంట, బుడమేరు వెంట పరిస్థితి ఇంకా క్లిష్టం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నగరాన్ని ముంచెత్తిన తరువాత వాగు అసలు వెడల్పు ఎంత అన్న ప్రశ్న తలెత్తింది. జవాబు పాత సర్వే రికార్డుల్లో ఉంది. తమ ఇల్లు ఆ గీతకు ఏ పక్కన ఉందో ఇల్లు కట్టుకున్నవారిలో ఎందరు కొలిపించుకున్నారన్నది వేరే ప్రశ్న.

అమరావతిలో గట్టును రాజ్యమే చెరిపింది. 2015లో 33 వేలకు పైగా ఎకరాలను సమీకరించి, 29 గ్రామాల్లోని పాత కమతాలను ఒకే పటంలో కలిపి, రైతులకు లాటరీ ద్వారా కొత్త ప్లాట్లు కేటాయించారు. కొత్త ప్లాటుకు పొరుగు చేను లేదు, బోదె లేదు, పుంత లేదు, ఊరి జ్ఞాపకం లేదు. అక్షాంశ రేఖాంశాల అంకెలే ఉన్నాయి. తరతరాలుగా తన చేను కళ్ళు మూసుకొని చూపగలిగిన రైతు, తన ప్లాటు చూపడానికి పరికరం పట్టుకున్న మనిషిపై ఆధారపడవలసి వచ్చింది. భూసమీకరణపై సాగిన చర్చంతా పరిహారం చుట్టూ తిరగడంతో ఈ మార్పు తగినంత పరిశీలనకు నోచుకోలేదు.

యజమాని దూరం కావడం కూడా గట్టు చెరగడం వంటిదే. డెల్టాలో కౌలు విస్తారం. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని కంటే కౌలురైతుకే గట్టు బాగా తెలుసు. కౌలుదారు తరచు మారే చోట అతనికీ తెలియదు. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం 12 సంవత్సరాల ప్రతికూల స్వాధీనం హక్కునే హరించగలదు. దూరాన ఉన్న యజమానికి మధ్యమధ్యలో కొలిపించుకోవడం ఈ కారణంగా రక్షణ చర్య.

7. 'లైసెన్సు' అన్న మాట

పిలవవలసిన సర్వేయరు ఎవరన్న ప్రశ్నకు తెలుగునాట ఒక్క జవాబు లేదు. 1888 బొంబాయి నగరపాలక చట్టం నుంచి వచ్చిన సంప్రదాయంలో లైసెన్సు పొందిన సర్వేయరు అంటే ప్రధానంగా భవనాల పటాలు గీసి అనుమతికి సమర్పించే వ్యక్తి. విజయవాడలో ఇంటి ప్లానుకు వెళ్ళినవారికి పరిచయమైనది ఈ అర్థమే. 2017 ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు ఆ వృత్తులవారిని లైసెన్స్‌డ్ సాంకేతిక నిపుణులుగా వ్యవహరించాయి. ప్లాను గీసినవారు ప్లాటు హద్దును కూడా ధ్రువీకరించారని యజమానులు అనుకోవడం ప్రమాదకరమైన అపోహ. దస్తావేజులోని కొలతలను వారు తీసుకుంటారు; ఎఫ్.ఎం.బి.తో సరిపోల్చడం వేరే పని.

దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టోరెన్స్ ప్రవేశపెట్టిన పద్ధతిలో ప్రభుత్వ హామీ ఉన్న యాజమాన్య పత్రానికి లైసెన్సు పొందిన సర్వేయరు పటం ఆధారం. అక్కడ కొలతా హక్కూ కలిసి నడుస్తాయి. భారతదేశంలో రిజిస్ట్రేషను ఒక శాఖ, సర్వే మరో శాఖ. హద్దు సర్వేయర్ల వృత్తికి దేశవ్యాప్త శాసనం లేదు. కర్ణాటక లైసెన్స్‌డ్ సర్వేయర్లను ప్రభుత్వ వ్యవస్థలోనే భాగం చేసి, వ్యవసాయ భూమిలో కొంతభాగం అమ్మేటప్పుడు 11-ఇ పటం ఉండాలన్న నిబంధన తెచ్చింది. తెలంగాణ 2025 భూభారతి చట్టంతో సర్వే పటాన్ని లావాదేవీకి జోడించే దిశగా కదిలి, అదే సంవత్సరం వేల సంఖ్యలో లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇప్పించింది. డెల్టాలో యజమాని సొంతంగా నియమించుకున్న సర్వేయరు నివేదిక కోర్టులో నిపుణుని అభిప్రాయం స్థాయిలో నిలుస్తుంది. 13వ సెక్షను బలం దానికి లేదు. అయినా దాని విలువను తక్కువ చేయలేము. ప్రభుత్వ సర్వేయరు వేసిన గీత తప్పని చెప్పడానికి యజమాని చేతిలో ఉండగలిగే సాంకేతిక ఆధారం అదొక్కటే.

8. రీసర్వే, నోటిఫికేషను, గడువు

2019లో గ్రామ సచివాలయాలతో పాటు గ్రామ సర్వేయర్లు వచ్చారు. 1984లో ఏర్పడిన ఖాళీని పూరించే ప్రయత్నం అంత పెద్ద ఎత్తున జరగడం అదే మొదలు. 2020 డిసెంబరు 21న నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేటలో రాష్ట్రవ్యాప్త రీసర్వే ప్రారంభమైంది. ఆ మండలంలోని తక్కెళ్ళపాడు ప్రయోగాత్మకంగా ఎంపికైన గ్రామం. గొలుసు స్థానంలో డ్రోను, రోవరు, నిరంతరం సంకేతాలు పంపే స్థిర కేంద్రాలు వచ్చాయి. సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. నూటయాభై ఏళ్ళ నాటి అంకెల పుస్తకం స్థానంలో అక్షాంశ రేఖాంశాల పట్టిక చేరింది.

పరికరం సూక్ష్మత పెరిగిన కొద్దీ పాత ఉజ్జాయింపులు బయటపడ్డాయి. దస్తావేజులో ఉన్నన్ని సెంట్లు నేలమీద లేకపోవడం, కొన్నిచోట్ల ఎక్కువ ఉండటం ఇందులో సహజం. దానికంటే తీవ్రమైనది ఉమ్మడి ఎల్.పి.ఎం. సమస్య. గట్టు కనబడని చోట, వాటాదారులు హాజరుకాని చోట, పలువురి భూములకు ఒకే నంబరు ఇచ్చారు. పంపకాల గట్టును సర్వే రికార్డుకు ఎక్కించకుండా తరతరాలు నెట్టుకొచ్చిన కుటుంబాలకు ఇది ఆ నిర్లక్ష్యపు ఖరీదు. చేలను కలిపి చెరువు తవ్వుకున్నవారు, యజమాని ఊళ్ళో లేనివారు కూడా ఈ చిక్కుకు దగ్గరగానే ఉన్నారు. 2023 అక్టోబరులో అమలులోకి తెచ్చిన భూయాజమాన్య హక్కుల చట్టంపై న్యాయవాదులు ఆందోళన చేశారు. సివిలు కోర్టుల పరిధిని కుదిస్తోందన్నది వారి ప్రధాన అభ్యంతరం. 2024లో ఆ చట్టం రద్దయింది. రీసర్వే కొంతకాలం నిలిచి, 2025లో మార్పులతో తిరిగి మొదలైంది. హక్కుల చట్టం రద్దయినంత మాత్రాన రీసర్వే హద్దులు నిరాధారం కాలేదు. వాటి ఆధారం 1923 చట్టమే.

ఈ దశలోనే యజమాని పాత్ర నిర్ణాయకమవుతుంది. 6వ సెక్షను పిలుపు వచ్చినప్పుడు పాత ఎఫ్.ఎం.బి. నకలు, లింకు దస్తావేజులు, తాను కొలిపించుకున్న పటం చేతిలో పట్టుకొని గట్టు మీద నిలబడిన యజమాని హద్దును వివాదంగా నమోదు చేయించగలడు. అప్పుడది 10వ సెక్షను కిందికి వస్తుంది. విచారణ జరుగుతుంది, రాతపూర్వక నిర్ణయం వస్తుంది, అప్పీలు ఉంటుంది. హాజరుకాని యజమాని హద్దు 9వ సెక్షను కింద వివాదం లేనిదిగా నమోదయ్యే అవకాశం ఎక్కువ. ఒకే గట్టు, ఒకే రోవరు. నమోదైన సెక్షను వేరు. 1860ల సర్వేలో రైతుకు ఈ తేడా తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎస్టేటు గ్రామాల సర్వే నాటికి జమీందారీ పోయిన సంబరంలో, పట్టా చేతికొస్తే చాలన్న ఆత్రుతలో, హద్దు కొలతను పట్టించుకున్నవారు తక్కువే అయి ఉండాలి. మూడోసారి వచ్చిన ఈ సర్వేలో యజమానుల్లో చదువుకున్నవారు ఎక్కువ, ఊళ్ళో ఉన్నవారు తక్కువ.

నోటీసు పాత చిరునామాకు వెళ్ళవచ్చు, కౌలుదారు చేతిలో పడవచ్చు, సచివాలయం గోడమీద ఉండిపోవచ్చు. 14వ సెక్షను కింద దావాకు ఉన్న 3 సంవత్సరాలు మాత్రం నోటిఫికేషను వెలువడిన తేదీ నుంచే లెక్కకు వస్తాయి. యజమాని విమానం దిగి పొలం చూసుకున్న తేదీ ఆ లెక్కలో లేదు.